చలానా చేతికి వచ్చినప్పుడు – ఆధారం అడగడం మన హక్కు

(సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సభలలో సాధారణంగా బడుల గురించి, పాఠ్యపుస్తకాల గురించి, ఉపాధ్యాయుల నియామకాల గురించి మాట్లాడుకుంటాము. ఈ పూట నాకు అప్పగించిన విషయం వాటి పక్కన చిన్నదిగా తోచవచ్చు. బండి నడిపేవారికి పోలీసులు పంపే చలానాను గురించి నేను మాట్లాడవలసి ఉన్నది. అయితే భాష తెలియనిచోట మనిషి ఎంత తేలికగా లొంగిపోతాడో చూపడానికి ఇంతకన్న మంచి నిదర్శనం లేదు.

పొలం ఒక రాష్ట్రంలో, సంత మరొక రాష్ట్రంలో, పెళ్ళిసంబంధం ఇంకొక రాష్ట్రంలో ఉన్నవాళ్ళం మనం. రోజూ ఎల్ల దాటుతాము. చలానా వస్తే అందులోని అక్షరాలు చాలమందికి కొరుకుడు పడవు. "ఏమున్నదో ఏమో, కట్టివేస్తే పోతుంది" అంటారు. ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. డబ్బు కట్టడమంటే ఆరోపణను ఒప్పుకోవడమే. అది మన పేరు మీద నమోదై ఉంటుంది. కొన్ని తప్పులకు జరిమానాతోనే సరిపోదు. శిరస్త్రాణం లేకుండా బండి నడిపితే, మోటారు వాహనాల చట్టంలోని 194డి సెక్షను ప్రకారం వెయ్యి రూపాయల జరిమానాతో పాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత కూడా ఉన్నది. బండి మీద బతికేవాడికి మూడు నెలలంటే మూడు నెలల తిండి.

కాబట్టి కట్టడానికి ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే: దీనికి ఆధారమేది?

ఈ ప్రశ్న మన మొండితనం కాదు, చట్టమే మన చేతికిచ్చినది. 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించి, కెమెరాలతోను, ఇతర యంత్రాలతోను రోడ్లపై నిఘా పెట్టడానికి 136ఎ సెక్షను చేర్చారు. ఆ యంత్రాలను ఎలా వాడాలో చెప్పే 167ఎ నియమం 2021 ఆగస్టులో వచ్చింది. యంత్రం ద్వారా తయారయ్యే చలానాతో ఏమేమి జతపరచాలో అందులో స్పష్టంగా ఉన్నది. తప్పును, నంబరు ప్లేటును తేటగా చూపే ఛాయాచిత్రం ఉండాలి. యంత్రం కొలిచిన కొలత ఉండాలి. తేదీ, వేళ, స్థలం ఉండాలి. ఉల్లంఘించిన సెక్షను చెప్పాలి. ఎలక్ట్రానిక్ రికార్డుకు సాక్ష్య చట్టం కోరే ధ్రువపత్రం ఉండాలి. ఈ ధ్రువపత్రం పాత సాక్ష్య చట్టంలో 65బి(4) కింద ఉండేది. 2024 జులై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 63(4) కింద ఉన్నది. అసలు యంత్రాన్ని కాక దాని నుండి తీసిన నకలును కోర్టులో పెట్టేటప్పుడు ఈ ధ్రువపత్రం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2020లో ఒక ఎన్నికల వివాదంలో తేల్చి చెప్పింది. మహారాష్ట్రలోని జాల్నా నియోజకవర్గం నుండి వచ్చిన వ్యాజ్యమది.

ఆ నియమంలోనే మరి కొన్ని సంగతులున్నాయి. యంత్రానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారి ఆమోదపత్రం ఉండాలి. దానిని ఏటేటా పునరుద్ధరించుకోవాలి. కెమెరా నిఘా ఉన్నదని ప్రజలకు తెలిపే హెచ్చరిక బోర్డు పెట్టాలి. తప్పు జరిగిన 15 రోజులలోగా నోటీసు పంపాలి. చలానా వ్యవహారం తేలేవరకు ఎలక్ట్రానిక్ రికార్డును భద్రపరచాలి.

వేగం విషయంలో మూల చట్టమే ఒక రక్షణ కల్పించింది. 183వ సెక్షను మూడవ ఉపవిభాగం ప్రకారం, వేగంగా పోయినట్లు తనకు తోచిందని ఒక్క సాక్షి చెప్పినంత మాత్రాన ఎవరికీ శిక్ష వేయరాదు. ఆ అభిప్రాయానికి ఏదో ఒక యంత్రం తీసిన కొలత ఆధారంగా ఉండాలి. కనుక "నేను చూశాను, నువ్వు వేగంగా వచ్చావు" అన్న మాట ఒక్కటే చాలదు. ఏ యంత్రంతో కొలిచారు, ఎంత వేగం వచ్చింది, ఆ రోడ్డు మీద పరిమితి ఎంత, ఆ పరిమితిని తెలిపే బోర్డు ఎక్కడ ఉన్నది అని అడగవచ్చు.

ఇక మన అసలు చిక్కుకు వస్తాను. పత్రం కన్నడంలోనో, తమిళంలోనో, మరాఠీలోనో, ఒడియాలోనో ఉన్నది. మనకు చదువరాదు. కాని ఆధారాన్ని చదవడానికి ఆ భాష రానక్కరలేదు. దేశమంతటా నంబరు ప్లేట్ల మీద ఒకే లిపి, ఒకే అంకెలు ఉండాలని కేంద్ర నియమాలలో 50వది చెబుతున్నది. ఛాయాచిత్రంలోని బండి మనదా కాదా అన్నది కంటికే తెలుస్తుంది. మనది ఎర్ర స్కూటరైతే చిత్రంలో నల్ల మోటారు సైకిలు ఉండవచ్చు. యానాం బండ్ల మీద పీవై-04 ఉంటుంది, పుదుచ్చేరి బండ్ల మీద పీవై-01 ఉంటుంది. ఒక్క అంకె తప్పు చదివితే చలానా ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి ఇంటికి వస్తుంది. ఒడిశా బండ్లలో పాతవాటి మీద ఓఆర్, కొత్తవాటి మీద ఓడీ ఉంటాయి. తెలంగాణ బండ్లలో 2024కు ముందువి టీఎస్, తరువాతివి టీజీ. ఈ అక్షరాలు తారుమారైతే తప్పు ఒకరిది, చలానా మరొకరిది అవుతుంది. కాబట్టి మొదట ఛాయాచిత్రం చూడండి. తరువాత తేదీ, వేళ చూసి, ఆనాడు బండి ఎక్కడున్నదో గుర్తు తెచ్చుకోండి. టోల్ రసీదో, పెట్రోలు బంకు బిల్లో, పనిచేసేచోటి హాజరు పట్టీయో ఉంటే దాచుకోండి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. చలానా పేరుతో ఫోనుకు దొంగ సందేశాలు వస్తున్నాయి. అందులోని లింకు నొక్కవద్దు, పంపిన యాప్‌ను ఎక్కించుకోవద్దు. ప్రభుత్వ పరివాహన్ ఈ-చలానా పోర్టల్‌లో బండి నంబరు కొట్టి మనమే చూసుకోవాలి.

చలానా నిజమైనదే, కాని ఆధారం చాలదు అనుకున్నప్పుడు దానిని జారీ చేసిన అధికారికి ఉత్తరం రాయాలి. ఉత్తరం పొడుగు అక్కరలేదు. చలానా నంబరు, బండి నంబరు, తేదీ వేసి, "ఈ ఆరోపణను నేను అంగీకరించడం లేదు. పూర్తి ఛాయాచిత్రము, వీడియో ఉంటే దాని నకలు, యంత్రపు కొలత, ఆ తేదీన అమలులో ఉన్న ఆమోదపత్రము, ఎలక్ట్రానిక్ రికార్డు ధ్రువపత్రము ఇప్పించండి. వ్యవహారం తేలేవరకు రికార్డును చెరపకుండా ఉంచండి" అని రాస్తే చాలును. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేస్తే ఆ సంఖ్య రాసుకోవాలి. నోటితో అడిగినదానికి సాక్ష్యముండదు.

ఏ భాషలో రాయాలి? రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, తన కష్టం తీర్చమని ప్రభుత్వాధికారికి విన్నవించుకొనే ఏ వ్యక్తి అయినా కేంద్రంలోగాని, రాష్ట్రంలోగాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చు. తెలుగులో రాసే హక్కు మనకున్నది. కాని జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణం చెప్పదు. కనుక నా సలహా ఇది. తెలుగులో రాయండి, వెంట ఆ రాష్ట్ర భాషలోనో ఇంగ్లీషులోనో ప్రతిని జతచేయండి. తెలుగు ప్రతి మన హక్కును నిలబెడుతుంది, రెండవ ప్రతి పని జరిపిస్తుంది.

అధికారి పలకకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉన్నది. ఎందుకు కావాలో చెప్పనక్కరలేదు. 30 రోజులలో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే పై అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. అయితే దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండాలని 6వ సెక్షను అంటుంది. తెలుగు అధికార భాషగా ఉన్న యానాంలో మన నుడిలో రాయవచ్చు. హోసూరులో, బళ్ళారిలో ఆ వీలు లేదు. కాని రాయలేనివారు నోటితో చెబితే రాసిపెట్టడం సమాచార అధికారి విధి అని అదే సెక్షను అంటుంది. ఇంకొకటి మరువవద్దు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టినంత మాత్రాన చలానా గడువు ఆగదు. గడువులను సవరణలు మారుస్తూ వచ్చాయి గనుక, మీ చేతిలోని పత్రం మీద ఉన్న గడువునే లెక్కలోకి తీసుకుని, దాని లోపలే అభ్యంతరం తెలపండి.

వ్యవహారం మెజిస్ట్రేటు దాకా పోతే, రికార్డును తెప్పించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత 94వ సెక్షను కింద కోర్టును కోరవచ్చు. అదే సంహిత 314వ సెక్షను ప్రకారం, కోర్టులో స్వయంగా ఉన్న నిందితుడికి తెలియని భాషలో సాక్ష్యం చెబితే, దానిని అతనికి తెలిసిన భాషలో బహిరంగ కోర్టులోనే వివరించాలి. "అయ్యా, నాకు తెలుగు మాత్రమే తెలుసు" అని నిలబడి చెప్పడానికి సిగ్గుపడవద్దు. ఆ మాట చెప్పకపోతే మనకు అర్థమైనట్లే భావిస్తారు.

ఒక రోజు కూలి, ప్రయాణపు ఖర్చు, జరిమానా – మూడింటినీ తూచి చూసుకుని అడుగు వేయండి. ఆధారం చూపించి, తప్పు మనదే అని తేలితే మారుమాటాడక కట్టాలి. 2022లో మన దేశపు రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. నియమాలు ఉన్నది మన ప్రాణాల కోసమే. ఆధారం అడగడం తప్పించుకొనే ఎత్తుగా మారితే, నిజంగా అన్యాయమైనవాడి మాటను కూడా ఎవరూ నమ్మరు.

చివరగా నా మనవి. ప్రతి ఊరిలో ఆ రాష్ట్ర భాష చదవగలిగిన మన పిల్లలు ఉన్నారు. వారిలో ఒకరిద్దరు వారానికొక సాయంత్రం కూర్చుని, వచ్చిన పత్రాలను చదివి చెప్పి, అర్జీలు రాసిపెడితే చాలును. ఎల్లకు ఆవలి భాష నేర్చుకోవడం మనకు బలం. మన భాషలో అడగడం మన హక్కు. ఈ రెండూ ఉన్న ఇంటిని ఏ కాగితమూ భయపెట్టలేదు.