పంటి చీము: నొప్పి తగ్గితే రోగం పోయినట్టు కాదు

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ధింసా మొదలయ్యే ముందు పది నిమిషాలు మాట్లాడమన్నారు. మన పండుగల గురించి చెబుతానని అనుకుని ఉంటారు. నేను పంటి గురించి చెబుతాను. నేను డాక్టరును కాను, బీఈడీ చదివిన వార్డెన్‌ను. కానీ ఒక తప్పు చేశాను కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను.

కొన్నేళ్ల క్రితం మా హాస్టల్‌లో ఆరో తరగతి పిల్ల ఒక రాత్రి దవడ పట్టుకుని ఏడ్చింది. పారాసెటమాల్ ఇచ్చాను. రెండు రోజులు ఏడ్చింది, మూడో రోజుకు నొప్పి లేదంది. సిక్ రిజిస్టర్‌లో 'తగ్గింది' అని నా చేత్తో రాశాను. పది రోజులకు ప్రార్థన దగ్గర ఆ పిల్ల చున్నీ చుట్టుకుని నిలబడింది. విప్పి చూస్తే చెంప ఉబ్బి ఉంది. వంటావిడ గవదబిళ్లలంది. నేనూ సరేనని, మిగతా పిల్లలకు అంటుకోకుండా విడిగా పడుకోబెట్టాను. ఒక పగలంతా అలా పోయింది. సాయంత్రం ఏఎన్ఎం వచ్చి నోరు తెరవమంటే, ఆ పిల్ల నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరుచుకోలేదు. టార్చి వేసి చూస్తే కింది దవడపన్ను నల్లగా గుల్లయి, పక్కన చిగురు ఉబ్బి చీము కనిపించింది. ఆ రాత్రే జీపులో ఘాట్ దిగాం. ఆ దారంతా నేను ఆ పిల్ల ఊపిరినే వింటూ కూర్చున్నాను.

నొప్పి ఎందుకు తగ్గిందో డాక్టరు తర్వాత చెప్పారు. మనం తిన్న తీపిని నోట్లోని సూక్ష్మజీవులు తిని ఆమ్లం వదులుతాయి. అది పంటి పైపెంకును కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. గుంట లోపలికి దిగి పంటి నరాన్ని తాకినప్పుడు రాత్రుళ్లు నిద్ర పట్టని పోటు వస్తుంది. తర్వాత ఆ నరం చచ్చిపోతుంది. చచ్చిన నరానికి నొప్పి తెలియదు. మనం హమ్మయ్య అనుకుంటాం. లోపల వేరు కొసన చీము పోగవుతూనే ఉంటుంది. సంతల్లో పొగ వేసి పంటి పురుగు తీసి చూపించేవాళ్లు ఉంటారు కదా, పంట్లో పురుగు ఉండదమ్మా. వాళ్లు చూపించేది వాళ్లు తెచ్చుకున్నదే.

చీము పట్టిన పంటికి ఒట్టి మాత్రలు చాలవు. దుకాణంలో నాలుగు బిళ్లలు కొని మింగితే వాపు దిగుతుంది, మళ్లీ వస్తుంది. చీము బయటికి తీయాలి. పన్ను నిలబడేలా ఉంటే వేరు లోపల శుభ్రం చేసి మూస్తారు, లేదంటే పీకేస్తారు. పై పన్ను పీకితే కన్ను పోతుందన్న మాట నిజం కాదు. ఆ భయంతో పన్ను ఉంచుకుంటేనే వాపు కంటిదాకా పాకవచ్చు.

ఇంట్లో ఏం చేయొచ్చంటారా? గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించొచ్చు. వయసుకు తగిన మోతాదులో పారాసెటమాల్ వేయొచ్చు. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. పంటి మీద పొగాకు, సున్నం పెట్టొద్దు, చిగురు కాలిపోతుంది. పెద్దమ్మలూ, మీ అడ్డపొగ గురించి ఈ రోజు ఏమీ అనను, కానీ పిల్లల పంటికి మాత్రం చుట్టాకు పెట్టకండి. పొక్కును సూదితో పొడవడం కూడా వద్దు. జ్వరం, నోరు తెరుచుకోకపోవడం, దవడ కిందికో మెడ మీదికో కంటి వైపుకో వాపు పాకడం, నాలుక కింద గట్టిపడటం, మింగలేకపోవడం, ఊపిరి అందకపోవడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ అందని ఊళ్లలో ఎవరి బండి ఉంటే దాని మీదే తీసుకెళ్లండి. దిశారి దగ్గరికి వెళ్లడం మీ నమ్మకం, నేను కాదనను. ముందు ఆసుపత్రికి వెళ్లి రండి.

మా పిల్ల బతికింది. పన్ను మాత్రం పోయింది. పాలపన్నేగా, మళ్లీ వస్తుందిలే అన్నాడు వాళ్ల నాన్న. అది పాలపన్ను కాదు. ఆరేళ్లప్పుడు ఏ పన్నూ ఊడకుండానే చివర ఒక దవడపన్ను వస్తుంది. పాలపన్ను అనుకుని వదిలేసే ఆ పన్ను ముసలితనం దాకా ఉండాల్సినది. పాలపన్నుకు చీము పట్టినా, కింద పెరుగుతున్న పన్ను చెడవచ్చు.

వేపపుల్ల మంచిదే, చిగురుకు గుచ్చుకోకుండా తోమితే. బొగ్గు, ఇటుకపొడి మాత్రం పెంకును అరగదీస్తాయి. వేపపుల్లలో లేని ఫ్లోరైడ్ పేస్టులో ఉంటుంది. శనగగింజంత చాలు. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి. రాత్రిదే ముఖ్యం, ఎందుకంటే నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, పళ్లను కడిగేవాళ్లు ఉండరు. తోమాక ఏమీ తినకూడదు. దుకాణాల్లో రూపాయికి దొరికే చాక్లెట్లు రోజంతా చప్పరిస్తే, రోజంతా పంటి మీద ఆమ్లం పోసినట్టే. అరిసెలు అన్నంతోపాటు తిని నోరు కడుక్కుంటే అంత హాని లేదు. సంక్రాంతి సెలవుల నుంచి వచ్చిన పిల్లల నోళ్లు చూస్తే ఎవరింట్లో ఎన్ని అరిసెలు వండారో నాకు తెలిసిపోతుంది!

ఇప్పుడు మా హాస్టల్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం టార్చి వేసి అందరి నోళ్లూ చూస్తాను. నొప్పి తగ్గిన పిల్ల పేరు రిజిస్టర్‌లో కొట్టెయ్యను, డాక్టరు చూశాకే కొట్టేస్తాను. ఆ టార్చి ఈ రోజు కూడా తెచ్చాను. టీ తాగాక, పిల్లలున్న అమ్మలు ఒకసారి వెనక వరండాలోకి రండి. పెద్దలు వచ్చినా చూస్తాను.