ఒక రజతపతకపు చరిత్ర
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు రజతోత్సవము జరుపుట లోకాచారము. ఇట్టి శుభసమయమున ఒక రజతపతకపు చరిత్ర వినుట అనుచితము గాదు. 1924వ సంవత్సరమున పారిస్ ఒలింపిక్ క్రీడలలో పోలండు దేశీయులు నలుగురు సైకిలు పందెమున దానిని గెలుచుకొనిరి. ఆ నలుగురిలో పిన్నవాడు తోమాష్ స్టాంకియేవిచ్. అతని కథయే నేటి ప్రసంగ విషయము.

ముందుగా ఆ దేశపు దుస్థితి తెలియవలెను. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా ప్రభువులు పోలండును దాయాదులు పొలము పంచుకొన్నట్లు పంచుకొనిరి. 123 సంవత్సరములు భూపటమున ఆ దేశము పేరు లేదు. భాష యుండెను, గ్రంథము లుండెను, రాజ్యము మాత్రము లేదు. అట్టి కాలమున, 1886లో, వార్సా నగరవాసులు ఒక సైకిలు సంఘమును స్థాపించిరి. 1892లో దీనాసి అను చోట పందెములకై వలయాకారమగు బాటను నిర్మించిరి. పోలండు సైకిలు వీరులకు అది పాఠశాల వంటిదయ్యెను.

స్టాంకియేవిచ్ 1902 డిసెంబరులో జన్మించెను. అతనికి పదునారేండ్లు నిండకమునుపే, 1918 నవంబరులో, పోలండు మరల స్వతంత్రమయ్యెను. 1920లో ఆంట్వెర్ప్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు ఆ దేశము సోవియట్ సేనలతో పోరాడుచుండుటచే పాల్గొనజాలదయ్యెను. కావున పోలండు క్రీడాకారులు వేసవి ఒలింపిక్ క్రీడలలో తొలిసారి అడుగిడినది పారిస్‌లోనే.

అతని సహచరులు యాన్ వజార్‌స్కి, ఫ్రాంచిషెక్ షిమ్‌చిక్, యూజెఫ్ లాంగె అనువారు. వజార్‌స్కి క్రాకోలోను, షిమ్‌చిక్ ల్వోవ్‌లోను ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో పుట్టిరి. లాంగె వార్సాలో రష్యా చక్రవర్తి ఏలుబడిలో పుట్టెను. వేరువేరు ప్రభువుల ప్రజలుగా జన్మించినవారు ఒకే జెండా క్రింద ఒకే వరుసలో నిలిచిరి.

వారు పాల్గొన్న పందెము జట్టు పందెము; దూరము 4,000 మీటర్లు. వాన్సెన్ లోని బాట చుట్టుకొలత 500 మీటర్లగుటచే ఎనిమిది చుట్లు తిరుగవలెను. రెండు జట్లు బాటకు ఎదురెదురు ప్రక్కలనుండి ఒకేసారి బయలుదేరి ఒకదాని నొకటి తరుమును. ఆ సైకిళ్లకు బ్రేకు లేదు. చక్రము తిరిగినంతసేపు పెడళ్లును తిరుగుచునే యుండును. కాలాడింపక కూర్చుండుటకు వీలులేదు. మలుపులకడ బాట గిన్నె యంచువలె వాలుగా లేచియుండును.

ఇందలి మర్మము గాలిలో నున్నది. ముందున్నవాడు గాలిని చీల్చును. వెనుకవారు వాని చాటున కొంత తక్కువ శ్రమతో సాగుదురు. ముందువాడు తనవంతు శ్రమ తీరగానే వాలుమీదికెక్కి, ముగ్గురిని క్రిందుగా పోనిచ్చి, వరుస చివర చేరును. అంతట రెండవవాడు గాలికెదురు నిలుచును. సాయంసమయమున చెరువు మీదుగా పోవు కొంగల బారును చూచినవారికి ఈ పద్ధతి క్రొత్తగాదు. నేటి నిబంధన ప్రకారము మూడవవాడు గమ్యరేఖ దాటిన క్షణమే జట్టునకు లెక్క. కావున ఒక్కడు మిన్నందుకొన్నను ప్రయోజనము లేదు. వెనుకవానిని కూడ తీసికొనిపోవలెను.

1924 జులై 27వ తేదీన పోలండు జట్టు తుదిపోరున ఇటలీతో తలపడి ఓడి, ద్వితీయస్థానము నందెను. బెల్జియమునకు తృతీయస్థానము లభించెను. అదే దినమున ఆడమ్ క్రులికియేవిచ్ అను పోలండు సైనికాధికారి గుఱ్ఱపుస్వారీ పోటీలలో కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ క్రీడలలో పోలండు పేరిట లిఖింపబడిన తొలి పతకములు ఈ రెండే.

కథ ఇచట ముగిసిన బాగుండెడిది. 1939 సెప్టెంబరులో జర్మనీ పోలండుపై దండెత్తెను. ఒక జాతిని లొంగదీయుటకు దానికి దారిచూపువారిని మొదట హతమార్చవలెనని విజేతలు నిశ్చయించిరి. ఉపాధ్యాయులు, న్యాయవాదులు, ప్రజానాయకులు, క్రీడావీరులు చెరసాలల పాలైరి. వార్సాకు వాయవ్యమున పాల్మిరి అను గ్రామము చెంతనున్న యడవిలో ముందే కందకములు త్రవ్వించి, బందీలను తెచ్చి కాల్చి, పైన మన్ను కప్పి చెట్లు నాటిరి. 1940 జూన్ 20, 21 తేదీలలో అచట మూడువందలకు పైగా జనులు హతులైరి. వారిలో పోలండు శాసనసభాధ్యక్షుడుగా నుండిన మాచెయ్ రతాయ్ ఒకడు. 1932 ఒలింపిక్ పరుగుపందెమున స్వర్ణపతకము గెలిచిన యానుష్ కుసొచిన్‌స్కి వేరొకడు. తోమాష్ స్టాంకియేవిచ్ మరియొకడు. అప్పటి కతని వయస్సు ముప్పదియేడేండ్లు. సహచరులు మువ్వురును యుద్ధము గడచి వృద్ధులై కాలధర్మము నొందిరి.

హంతకులు మృతుల పేరైన మిగులరాదని తలచిరి. కాని ఆ యడవిని కాపాడు ఉద్యోగులు కొందరు ప్రాణభయమును లెక్కింపక గోతులున్న తావులను రహస్యముగా గుర్తుపెట్టిరి. యుద్ధానంతరము ఆ గుర్తుల సాయముననే త్రవ్వగా 1,700కు పైగా కళేబరములు బయల్పడెను. అనేకుల పేర్లు తెలిసెను. నేడచట శిలువలు వరుసలుగా నిలిచిన శ్మశానవాటిక యున్నది.

భారతమున అర్జునుని శౌర్యముతోపాటు రథము నడపిన సారథి పేరును చెప్పుదురు. ఈ కథయందును గెలిచినవానితోపాటు గుర్తుపెట్టినవానిని చెప్పవలెను. పతకము సంపాదించిన చేయి మన్నుపాలైనను, ఆనవాలు నిలిపిన చేతులవలన ఆ పేరు నిలిచినది. గ్రంథాలయములు చేయు పనియు నదియే. ఎచటనో పోలండులో పుట్టి మరణించిన యొకని పేరు నేడు ఈ తెలుగు గ్రామమున పలుకబడుటకు ఎందరో గుర్తుపెట్టి, వ్రాసి, దాచి, అందించిరి. ఆ వరుసలో ఈ గ్రంథాలయమును ఒకటియై మరి ఇరువదియైదేండ్లును, అటుపైనను, వెనుకవచ్చువారికి గాలి తగులకుండ ముందు నడచుగాక.

స్వస్తి.