ఆటరాజ్యమునకు రాజ్యాంగము

తెలుగునాట పాతగుడుల మండపములలో బండలమీద పులిమేక గీతలు చెక్కియుండుట శ్రోతలలో పెక్కుమంది చూచియే యుందురు. ఒకవైపు మూడు పులులు, ఒకవైపు పదునైదు మేకలు. ఆడువారు ఇద్దరే. పులి మేకను దాటి దూకినచో మేక పోవును. దారులన్నియు మూసికొనిపోయినచో పులి కట్టుబడును. ఈ నియమములను ఎవరు చేసిరో మనకు తెలియదు. వానిని మార్చవలెనని ఎవరును కోరరు. తగవు వచ్చినచో ప్రక్కన కూర్చుండి చూచుచున్న పెద్దమనిషి ఒక్కమాటలో తీర్చును. ఈ ఆటకు ప్రభుత్వము అక్కరలేదు.

నేడు అదే మండపము మీద కూర్చుండిన కుర్రవాని చేతిలో ఫోను ఉన్నది. అందులోని ఆటలో ఇద్దరు కాదు, వందలమంది, వేలమంది ఉన్నారు. వారు కోటలు కట్టుదురు, సేనలను పోషింతురు, పొరుగువారితో సంధులు చేసికొందురు. అందరి కష్టార్జితమును ఒక ఉమ్మడి ఖజానాలో చేర్తురు. ఎవరితో యుద్ధము, ఎవరితో మైత్రి, ఖజానా తాళము ఎవరి చేతిలో, తప్పుచేసినవానిని వెలివేయువాడెవడు అను ప్రశ్నలు అక్కడ దినదినము పుట్టుచుండును. అనగా అది ఆటయే యైనను, దానికొక ప్రభుత్వము తప్పదు. ఆ ప్రభుత్వము చెడినప్పుడు దానిని సంస్కరించుట ఎట్లు? నేటి ప్రసంగమునకు విషయము ఇదియే.

మంచిర్యాలలో మేము ఎరిగిన ఇంటి పిల్లవాడొకడు ఇట్టి యాటలో రెండేండ్లు కోశాధికారిగా నుండెను. ఆట పేరుతో మనకు పనిలేదు. వారి రాజ్యములో సభ్యులు నూటికి పైబడి యుండిరి. ఒకరాత్రి నాయకుడు ఖజానానంతయు తన మిత్రుని రాజ్యమునకు తరలించి, ఇదేమని అడిగినవారిని అడిగినట్లే వెలివేసెను. తెల్లవారి లేచునప్పటికి మన కోశాధికారి పేరు జాబితాలో లేదు. తల్లి అతనిని ఓదార్చుచు "ఆటనే గద బిడ్డా, పోతే పోనియ్" అనెను. అతడు మాతో అన్నమాట వేరు. "పోయిన బంగారం ఉత్తదే సార్. రెండేండ్లు మాత్రం ఉత్తవి కావు గదా!"

మేము అతనిని అడిగినది ఒక్కటే: "నాయకుని తొలగించు పద్ధతి మీ నియమములలో ఉన్నదా?" అతడు కొంత తడవు ఆలోచించి, అసలు నియమములే లేవనెను. నాయకుడు మంచివాడని అందరును నమ్మిరట. చెడిపోయిన ప్రభుత్వమును బాగుచేయుట యనగా చెడ్డవానిని తీసి మంచివానిని కూర్చుండబెట్టుట యని సామాన్యముగా తలతుము. ఆ మంచివాడును రేపు అలసిపోవచ్చును, మారిపోవచ్చును. మనిషిని మార్చుటకంటె ముందు, మనిషిని మార్చు పద్ధతిని ఏర్పరచవలెను. ఇది ఊహ కాదు. ప్రపంచములో పేరుపొందిన కొన్ని ఆటల అనుభవము.

2002లో ఆస్ట్రేలియా నవలాకారుడు మాక్స్ బ్యారీ నేషన్‌స్టేట్స్ అను ఆటను ప్రారంభించెను. ఇందులో ఒక్కొక్క ఆటగాడు ఒక్కొక్క దేశము. కొన్ని దేశములు చేరినచో ఒక ప్రాంతము. ప్రాంతమును నెలకొల్పినవాడు స్థాపకుడు. ప్రపంచసభలో చేరిన దేశములు తమలో ఎవరిని ఎక్కువగా బలపరచునో ఆ దేశమే ప్రాంతమునకు ప్రతినిధి యగును. ఈ యేర్పాటు చూచుటకు సొంపుగనే యున్నది. కాని దండెత్తువారు దీనినే ఆయుధముగా చేసికొనిరి. కొందరు ఒక్కుమ్మడిగా వలసవచ్చి తమలో ఒకనిని బలపరచినచో, స్థానికులు నిద్రలేచునప్పటికి ప్రతినిధి మారిపోయి యుండును. కొత్త ప్రతినిధి పాతకాపులను వెడలగొట్టును.

స్థాపకుడు ఉన్నచో ఈ అన్యాయమును సరిదిద్దగలడు. అయితే 28 దినములు ఆటవైపు తొంగిచూడని దేశము సాధారణముగా అంతరించును. స్థాపకునికి పరీక్షలు వచ్చినను, పెండ్లి కుదిరినను, ఊరక విసుగు పుట్టినను ప్రాంతము దిక్కులేనిదగుచుండెను. ఇట్టి ప్రమాదములనుండి కాచుకొనుటకు ఆటగాళ్లు తామే రాజ్యాంగములు వ్రాసికొనిరి. శాసనసభలను, న్యాయస్థానములను ఏర్పరచుకొనిరి. చాల సంవత్సరముల తరువాత ఆట యజమానులును వారసులను నియమించు వీలు కల్పించిరి. వారసత్వ నియమము లేని రాజ్యము, దానిని స్థాపించినవాని ఓపిక ఎంతకాలమో అంతకాలమే నిలుచును.

ఇచట మరియొక సంగతి గమనింపవలెను. ఆటరాజ్యములో ప్రభుత్వము రెండంతస్తులది. పైకి కనిపించునది ఆటగాళ్ల ప్రభుత్వము. దానిక్రింద, కనబడక, ఆటను తయారుచేసి యంత్రమును నడుపు యజమాని ఉండును. అతడు తలచినచో ఖజానాను నింపగలడు, రాజ్యమునే తుడిచివేయగలడు. కనుక సంస్కరణ పై అంతస్తుతో ఆగిపోరాదు.

ఐస్లాండు దేశములో సీసీపీ అను సంస్థ 2003లో ఈవ్ ఆన్‌లైన్ అను ఆటను వెలువరించెను. నక్షత్రముల నడుమ ఓడలు, గనులు, సంతలు, వేలమంది కూటములు తలపడు యుద్ధములు గల ఆట యిది. 2007లో ఆ సంస్థ ఉద్యోగి యొకడు, తానును ఆటగాడై చేరియున్న కూటమికి, అరుదైన నమూనాపత్రములను అక్రమముగా సమకూర్చినట్లు బయటపడెను. కంచె చేను మేసినట్లయ్యెను. ఆటగాళ్ల నమ్మకము సడలెను. 2008లో సంస్థవారు కౌన్సిల్ ఆఫ్ స్టెల్లార్ మేనేజ్‌మెంట్ అను మండలిని ఏర్పరచిరి. దాని సభ్యులను అప్పుడు ఆటగాళ్లే ఎన్నుకొనిరి. ఎన్నికైనవారిని తమ రాజధానియగు రేక్యవిక్‌కు పిలిపించి సంస్థవారు ఆట మంచిచెడ్డలు చర్చింతురు. పెద్దకూటములు గంపగుత్తగా ఓట్లు వేయునప్పుడు చిన్నవారి ఓట్లు చెదరి వ్యర్థమగుటను తగ్గించుటకు, 2013లో ప్రాధాన్యక్రమములో ఓటువేయు పద్ధతి తెచ్చిరి. మన శాసనసభ్యులు రాజ్యసభ సభ్యులను ఎన్నుకొను పద్ధతి ఇట్టిదే.

ఇంత చేసినను ఆ మండలికి గలది సలహా చెప్పు హక్కు మాత్రమే, నిర్ణయము సంస్థదే. సలహాకును సమ్మతికిని గల భేదము ఆదిలాబాదు జిల్లావారికి మేము క్రొత్తగా చెప్పనక్కరలేదు. ఉట్నూరు వైపు ఏజెన్సీ గ్రామములకు వర్తించు 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టమును, పీసా యని అందరును పిలుచు దానిని, తెరచి చూడుడు. భూమిని సేకరించుటకు ముందు గ్రామసభను గాని తగిన స్థాయి పంచాయతీని గాని సంప్రదింపవలెనని అందున్నది. ఇసుక, కంకర వంటి చిన్న ఖనిజములకు లైసెన్సు ఇచ్చుటకు ముందు మాత్రము వాని సిఫారసు తప్పనిసరి యన్నది. ఒకచోట "అడుగవలెను", మరియొకచోట "వారు ఒప్పనిదే జరుగరాదు". అడిగి, విని, తన యిష్టము వచ్చినట్లు చేసినను మొదటి నియమము నెరవేరినట్లే. కనుక సంస్కరణ పత్రము చేతికి వచ్చినప్పుడు అందులోని క్రియాపదములను ముందుగా చూడవలెను.

యజమాని తాను పూర్తిగా తప్పుకొందునన్నచో సమస్య తీరునా? అదియును తీరదని లాంబ్డామూ కథ చెప్పుచున్నది. అమెరికాలో జెరాక్స్ సంస్థ పరిశోధనాలయమున పావెల్ కర్టిస్ 1990లో నెలకొల్పిన లోకమది. అది వ్యూహక్రీడ కాదు. మాటలతో కట్టిన ఊరు. ఆ యంత్రమును నడుపువారిని మాంత్రికులని పిలిచెడివారు. దినదినము వచ్చు తగవులతో విసిగి, ఇకమీదట యంత్రము పని మాత్రమే చూతుము, మీ తగవులు మీరే తీర్చుకొనుడని 1992 చివర వారు ప్రకటించిరి. 1993లో ఒక సభ్యుడు ఇతర సభ్యులను అందరి యెదుట మాటలతో నీచముగా అవమానించెను. అతనిని ఏమి చేయవలెనో తెలుపు శాసనము లేదు. ఊరంతయు చేరి వాదించినను తేలలేదు. తుదకు మాంత్రికులలో ఒకడు తనంతట తానే అతనిని తొలగించెను. ఆ పిదప సభ్యులు విన్నపములు పెట్టి ఓటుతో నిర్ణయించు పద్ధతి వచ్చెను. అదియును చిక్కులు పడగా, యంత్రముపనిని సంఘముపనినుండి వేరుచేయుట సాధ్యము కాదని 1996లో మాంత్రికులు ప్రకటించి, పెత్తనమును మరల చేపట్టిరి. యజమాని పెత్తనము ఉండక తప్పనప్పుడు, అది ఎంతవరకో వ్రాసి యుంచుటయే దారి.

ఇందుకు మనకు ఇంటి ఉదాహరణమే ఉన్నది. 1956లో అలిగిరెడ్డి విశ్వనాథరెడ్డిగారి పూనికతో ముల్కనూరులో సహకార గ్రామీణ బ్యాంకు వెలసెను. అప్పుడది కరీంనగరు జిల్లాలోనిది. నేడు హనుమకొండ జిల్లాలోనిది. పదునాలుగు గ్రామముల రైతులు నాలుగువందలకు లోపు సభ్యులతో ఆరంభించిరి. సహకార సూత్రము ప్రకారము వాటాలెన్ని యున్నను మనిషికి ఓటు ఒక్కటే. అయితే 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార చట్టము క్రింద సభ్యులు ఎన్నుకొనిన పాలకవర్గమును సైతము రద్దుచేయు అధికారము ప్రభుత్వాధికారులకు ఉండెను. ఆటలోని యంత్రపు యజమాని వంటివాడే ఇచట రిజిస్ట్రారు. 1995లో పరస్పర సహాయక సహకార సంఘముల చట్టము వచ్చి ఆ హద్దును వెనుకకు జరిపెను. ఆ చట్టము క్రింది సంఘములలో ప్రభుత్వము వాటాధనము పెట్టదు. నియమావళిని సభ్యులే వ్రాసికొందురు. ముల్కనూరు మహిళల పాలడెయిరీ ఆ చట్టము నీడలో లేచి 2002లో పని మొదలుపెట్టెను. పాలు పోయు స్త్రీలే దానికి యజమానులు. ప్రభుత్వము తొలగిపోలేదు, దాని చేయి ఎంతవరకు చాచవచ్చునో వ్రాతలో నిలిచినది.

ఈ అనుభవములను చేర్చి చూచినచో, ఆటరాజ్యమును బాగుచేయగోరు మన పిల్లలకు నాలుగుమాటలు చెప్పవచ్చును. నాయకత్వమునకు గడువును, అతడు మాయమైనచో తరువాత ఎవరను వరుసయు ముందే వ్రాసికొనవలెను. ఖజానా ఒక్కని చేతిలో ఉండరాదు. ఇద్దరు ఒప్పనిదే తలుపు తెరువరాదు. వెలివేయుటకు ముందు నేరమేమో తెలిపి, జవాబు విని, నాయకుడు కాని ముగ్గురు తీర్పు చెప్పవలెను. ఓటు ఒకరాత్రిలో ముగియరాదు. గోదావరిఖనిలో రాత్రి షిఫ్టు దిగినవాడును, సిరిసిల్లలో మగ్గము వదలి వచ్చినవాడును, జగిత్యాలనుండి దుబాయి వెళ్లినవాడును ఒకే వేళకు మేలుకొని యుండరు. వారము దినములు పెట్టె తెరచియుంచినచో, అందరును వచ్చుటకు వీలుకలుగును.

మితిమీరిన ప్రభుత్వమును చేటే. ముప్పదిమంది సభ్యులకు తొమ్మండుగురు మంత్రులు, మూడు న్యాయస్థానములు ఉన్నచో ఆడుటకు ఎవరును మిగులరు. ప్రతి చిన్నపనికి ఓటు అడిగినచో, ఓటువేయువారు నానాటికి తగ్గిపోయి, తీరికగల నలుగురే మరల దొరలగుదురు. ఎక్కువకాలము మేలుకొని యుండువానికి పెత్తనము తనంతట తాను చేరుట ఆటరాజ్యముల సహజవ్యాధి. నిజముగా పెద్దవియగు నాలుగైదు విషయములకు మాత్రము అందరి ఓటు పెట్టి, తక్కినవి గడువుగల అధికారులకు వదలుట మేలు.

ఇంత శ్రద్ధ ఒక ఆటకేల యని పెద్దలు అడుగవచ్చును. పదునెనిమిదేండ్లు నిండి గ్రామపంచాయతీకి మొదటి ఓటు వేయబోవు పిల్లవాడు, అంతకుముందే ఆటలో ఎన్నో ఓట్లు వేసియుండవచ్చును. నాయకుడు చెప్పినదే చట్టమనియు, అడిగినవాడు వెలికి పోవుననియు అక్కడ నేర్చుకొని వచ్చినచో, గ్రామసభలో నోరు తెరుచునా? లెక్కలు చూపుమని అడుగుట అక్కడ అలవాటైనచో, ఇక్కడను అడుగును. ఖజానా ఉత్తదైనను అలవాటు ఉత్తది కాదు.

మంచిర్యాల పిల్లవాడు తనతోపాటు వెలిపడినవారిని కూడగట్టి క్రొత్త రాజ్యమును స్థాపించెను. ఈసారి ఇరువదిరెండు వాక్యముల నియమావళి వ్రాసి మాకు చూపించెను. గడువు ఉన్నది, రెండు తాళములు ఉన్నవి, వెలివేతకు విచారణ ఉన్నది. మేము ఒక్క అక్షరమైన కొట్టివేయలేదు. "ఈ నియమములలోనే తప్పున్నదని రేపు తేలినచో, వీనిని మార్చువారెవరు, ఎట్లు మార్తురు?" అని మాత్రము అడిగితిమి. అతడు కాగితము తిరిగి తీసికొని, "అది రాయలే సార్" అని నవ్వెను. మరునాటికి ఇరువదిమూడవ వాక్యము చేరినది. మూడింట రెండువంతులమంది ఒప్పినచో ఏ నియమమునైనను మార్చవచ్చును. ఈ నియమమును సైతము.