గాలానికి పడ్డది ఏ చేప?



ఈ పూట పాఠం చేపల గురించి. చేపల గురించి మాకు ఈ పంతులు చెప్పేదేముంది అనుకోవచ్చు. నిజమే. మీరు చెరువు గట్టున పుట్టి పెరిగినవాళ్ళు. నేను బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. కానీ ఇందులో ఒక సంగతి ఉంది. అది తేలాలంటే కంటితో చూడటం ఒక్కటే చాలదు. లెక్కపెట్టాలి. రాసుకోవాలి. ఆ రెండూ మీరిప్పుడు నేర్చారు. అందుకే ఈ పాఠం.

గాలం వేసి కూర్చుంటాం. బెండు మునుగుతుంది. లాగుతాం. కిలో చేప ఒడ్డున పడుతుంది. చూస్తే బొచ్చెలా ఉంది. కానీ బొచ్చెకు ఉండాల్సినంత తల లేదు. పోనీ శీలావతి అందామా? శీలావతికి ఇంత వెడల్పు ఉండదు. ఒకాయన బొచ్చె అంటాడు. ఇంకొకాయన కాదు శీలావతి అంటాడు. ఇద్దరూ పందెం కాస్తారు. చిత్రమేమిటంటే, ఇద్దరూ ఓడిపోవచ్చు. అది రెండూ కాదు. దాని తల్లి ఒక జాతి, తండ్రి ఇంకో జాతి. అలాంటి చేపను సంకర చేప అంటారు. మత్స్యశాఖ వాళ్ళు హైబ్రిడ్ అంటారు.

సంకరం అనే మాటను కొందరు తిట్టుగా వాడతారు. ఇక్కడ తిట్టేమీ లేదు. హైబ్రిడ్ జొన్న, హైబ్రిడ్ మొక్కజొన్న మనం వేస్తూనే ఉన్నాం గదా.

పేర్ల గురించి ఒక మాట. శీలావతిని కొన్ని ఊళ్ళలో రవ్వ అంటారు. కొన్నిచోట్ల రాగండి అంటారు. బజారులో రోహు అంటారు. బొచ్చెను కట్ల అని కూడా అంటారు. మీ ఊళ్ళో ఏ పేరు ఉంటే ఆ పేరే పెట్టుకోండి.

ముందు అసలు చేపల్ని సరిగ్గా చూద్దాం. అవి బాగా తెలిస్తేనే కలిసిపోయింది ఏదో తెలుస్తుంది.

బొచ్చె తల పెద్దది, వెడల్పైనది. నోరు పైకి తిరిగి ఉంటుంది. కింది దవడ ముందుకు పొడుచుకు వస్తుంది. నోరు అలా ఎందుకుంది? బొచ్చె నీటి పైభాగంలో తిరుగుతుంది. నీళ్ళలోని సన్నసన్న పురుగుల్ని వడగట్టి తింటుంది. చెంప మూత ఎత్తి చూడండి. మొప్పలకు లోపలివైపు దువ్వెన పళ్ళలాంటివి ఉంటాయి. బొచ్చెకు అవి పొడుగ్గా, సన్నగా, దగ్గరదగ్గరగా ఉంటాయి. అదే దాని జల్లెడ. బొచ్చె పెదవికి కుచ్చులుండవు. మీసాలుండవు.

శీలావతి తల చిన్నది. మూతి ముందుకు వచ్చి, నోరు దాని కిందికి ఉంటుంది. పెదవులు దళసరి. పెదవి అంచు పోగులు ఊడిన గుడ్డ అంచులా కుచ్చులు కుచ్చులుగా ఉంటుంది. చూపు ఆననివాళ్ళు వేలితో తడిమినా తెలుస్తుంది. మీసాలు ఒక జత ఉంటాయి. కానీ మరీ చిన్నవి. నోటి మూల మడతలో దాక్కుంటాయి. మడత విప్పి చూడకుండా మీసాల్లేవు అనకండి. ఒళ్ళు పొడుగు. పొలుసుల మీద ఎర్రటి జీర ఉంటుంది. ఇది నీటి నడిమి భాగంలో తిరిగే చేప.

మోసు అడుగున మేస్తుంది. ఒళ్ళు వెండిలా మెరుస్తుంది. నోరు వెడల్పు, పెదవులు పలచన, కుచ్చులు లేవు. బంగారుతీగకు మీసాలు నాలుగు. దాన్ని ఎవరూ పొరబడరు.

ఇప్పుడు సంకర చేప. బొచ్చె, శీలావతి కలిస్తే పుట్టే పిల్ల అన్నిటిలోనూ నడుమన ఉంటుంది. తల బొచ్చె కన్నా చిన్నది, శీలావతి కన్నా పెద్దది. ఒళ్ళు శీలావతి కన్నా వెడల్పు. నోరు పూర్తిగా పైకీ ఉండదు, పూర్తిగా కిందికీ ఉండదు. ఇంచుమించు ఎదురుగా తెరుచుకుంటుంది. పెదవి అంచున కుచ్చులు ఉన్నాయా లేవా అన్నట్టు ఉంటాయి. అన్ని చేపలూ ఒకేలా ఉండవు. ఒకటి తల్లివైపు మొగ్గుతుంది, ఇంకొకటి తండ్రివైపు. ఇంట్లో పిల్లల్లాగే.

కాబట్టి ఒక్క గుర్తు చూసి తీర్పు చెప్పకూడదు. తల, నోరు, పెదవి, మీసం, మొప్ప. ఈ అయిదూ ఒకే మాట చెబితే అది అసలు చేప. తల ఒకటి చెప్పి, పెదవి ఇంకొకటి చెబితే అనుమానించాలి.

లెక్కలు నేర్చుకున్నాం గదా, పొలుసులు లెక్కపెడితే పోలేదా అని మీలో ఎవరైనా అడగవచ్చు. చేప పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది. ఆ గీత మీది పొలుసులు లెక్కపెట్టండి. బొచ్చెకు 40 నుంచి 43. శీలావతికి 40 నుంచి 44. మోసుకు 40 నుంచి 45. చూశారా? మూడూ దాదాపు ఒక్కటే. మీకు 42 వచ్చిందనుకోండి. అది మూడిటిలో ఏదైనా కావచ్చు. లెక్క తప్పు లేదు. కానీ ఆ లెక్క ఈ పనికి రాదు.

వీపు రెక్క కొంత నయం. రెక్కలో గొడుగు పుల్లల్లాంటివి ఉంటాయి. రెక్కను విప్పి వెలుగుకు పట్టి చూడండి. మొదట్లో ఉండే చీలని పుల్లల్ని వదిలేయండి. కొస చీలిన పుల్లల్నే లెక్కపెట్టండి. బొచ్చెకు 14 నుంచి 16 ఉంటాయి. శీలావతికి 12 నుంచి 14. పన్నెండో, పదహారో వస్తే ఒక దారి దొరికింది. పద్నాలుగు వస్తే? మళ్ళీ తల, నోరు, పెదవి దగ్గరికి పోవాల్సిందే.

ఇందాక వెనక కూర్చున్న తాత ఒకాయన, "ఇదంతా ఎందుకు పంతులూ, నాకు ఒక్క చూపు చాలు" అన్నారు. ఆయన మాట నేను కొట్టేయను. యాభై ఏళ్ళు వల లాగిన కన్ను అది. ఆ ఒక్క చూపులోనే ఆయన అయిదు గుర్తులూ చూస్తున్నారు. పైకి చెప్పరు, అంతే. మనం వాటిని విడదీసి చెప్పుకుంటున్నాం. చెబితేనే కదా మనవడికి వచ్చేది.

ఈ సంకర చేప చెరువులోకి ఎలా వచ్చింది? వెనకటి రోజుల్లో చేప పిల్లల్ని నదిలో పట్టి తెచ్చేవారు. ఈ జాతులు నిలవ నీటి చెరువులో గుడ్లు పెట్టవు. వాటికి వరద నీరు కావాలి. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు ఒక దారి కనిపెట్టారు. చేప తలలోని ఒక గ్రంథి రసాన్ని తీసి తల్లి చేపకు, తండ్రి చేపకు సూదివేశారు. అవి గుడ్లు పెట్టాయి. అందుకే జులై 10ని మన దేశంలో మత్స్య రైతుల దినంగా జరుపుతారు. ఈనాడు హేచరీల్లో కోట్ల పిల్లలు పుడుతున్నాయంటే మొదలు అక్కడే.

సూది మందుతో మంచి జరిగింది. దానితో పాటు ఈ చిక్కూ వచ్చింది. ఒకే తొట్టెలో, ఒకే రాత్రి రెండు జాతుల తల్లి చేపల్నీ తండ్రి చేపల్నీ వదిలితే అవి కలుస్తాయి. ఒక జాతిలో మగవి తక్కువ పడితే ఇంకో జాతి మగవాటిని వేసేవాళ్ళూ ఉంటారు. అప్పుడు పుట్టిన పిల్ల చీమంత ఉంటుంది. దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. వేలెడు పిల్లలోనూ పోల్చడం కష్టం. రసీదు మీద మాత్రం "బొచ్చె పిల్లలు, ఇన్ని వేలు" అని రాసి ఉంటుంది. ఆ రసీదును మీరిప్పుడు చదవగలరు. కానీ నీళ్ళలో పడ్డది ఏదో, ఆరేడు నెలలు పోయి గాలానికి పడ్డాక గానీ తెలియదు.

తెలిస్తే ఏమిటి, తెలియకపోతే ఏమిటి? తినడానికి తేడా లేదు. సంకర చేప కూర బాగానే ఉంటుంది. తల చిన్నది గనుక కండ కూడా ఎక్కువే. శీలావతి కన్నా త్వరగా పెరుగుతుందనీ చెబుతారు. అబద్ధం కాదు.

నష్టం వేరేచోట ఉంది. చెరువు మూడంతస్తుల ఇల్లు లాంటిది. పైన బొచ్చె, నడుమ శీలావతి, అడుగున మోసు. ఎవరి మేత వారిది. అందుకే సంఘం వాళ్ళు లెక్క ప్రకారం మూడు రకాలూ కొని వదులుతారు. అందులో సంకరం ఎక్కువైతే ఆ లెక్క చెడుతుంది. పైన మేసే చేప తగ్గి, నడుమ తోపులాట మొదలవుతుంది. డబ్బు సంఘానిది. అంటే మీది.

అంతకన్నా పెద్ద నష్టం ఇంకొకటి. గుర్రానికీ గాడిదకూ పుట్టిన కంచరగాడిదకు పిల్లలు పుట్టవు. దాని కథ దానితోనే సరి. బొచ్చె, శీలావతి సంకరం అలా కాదు. దానికి పిల్లలు పుడతాయి. హైబ్రిడ్ జొన్న పంటలోని గింజల్నే మళ్ళీ విత్తితే ఏమవుతుందో రైతులకు తెలుసు. ఒక మొక్క ఒకలా, ఇంకో మొక్క ఇంకోలా వస్తుంది. చేపలోనూ అంతే. ఆ సంకరం మళ్ళీ బొచ్చెతో కలిస్తే పుట్టే పిల్ల అచ్చం బొచ్చెలాగే ఉండవచ్చు. నేను చెప్పిన అయిదు గుర్తులకూ అది దొరకదు. తాత కంటికీ దొరకదు. ప్రయోగశాలలో జన్యు పరీక్ష చేస్తేనే తేలుతుంది. వరదకు చెరువు తెగితే అది నదిలోకి పోతుంది. అక్కడి అసలు జాతితో కలుస్తుంది. అందుకే మొదటి తరంలోనే, కంటికి దొరికినప్పుడే పట్టుకోవాలి.

జయంతి రోహు కూడా సంకరమేనా అని కొందరు అడుగుతున్నారు. కాదు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యగంగలో మంచినీటి చేపల పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు గంగ, గోమతి, యమున, సట్లెజ్, బ్రహ్మపుత్ర నదుల నుంచి శీలావతులు తెచ్చారు. తరం తరంలో బాగా పెరిగిన వాటినే ఏరి పిల్లలు తీశారు. మనం మంచి కంకులు ఏరి విత్తనానికి ఉంచుకున్నట్టు. 1997లో, స్వాతంత్ర్యం వచ్చి యాభై ఏళ్ళయిన సందర్భంగా దానికి జయంతి అని పేరు పెట్టారు. అది అచ్చమైన శీలావతే.

ఇక మీరు చేయాల్సిన పని. అనుమానపు చేప పడితే పొలుసు తీయకముందే చూడండి. కత్తి పడితే గుర్తులు పోతాయి. చేతులు తడిపి పట్టుకోండి. పుస్తకంలో ఒక గీత కొట్టి తేదీ, చెరువు పేరు, పడ్డ చేపలు ఎన్ని, అందులో అనుమానపువి ఎన్ని అని రాయండి. సెల్‌ఫోను ఉంటే పక్క నుంచి ఒక ఫోటో, నోటికి దగ్గరగా ఒక ఫోటో తీయండి. ఆ చేపను మళ్ళీ నీళ్ళలోకి వదలొద్దు. కూర వండుకోండి. పిల్లల కోసం తల్లి చేపలు కొనేవాళ్ళు వస్తే మాత్రం దాన్ని అమ్మొద్దు. రెండు రూపాయలు ఎక్కువ ఇస్తామన్నా సరే. నేను దీన్ని గట్టిగా చెబుతున్నాను.

ఒక లెక్క చేయండి. ఇరవై చేపలు పడ్డాయి. అందులో మూడు సంకరం. నూటికి ఎన్ని? పదిహేను. ఒక్కరోజు లెక్క పట్టుకుని ఎవరినీ నిలదీయలేం. అయిదారు వారాలు వరసగా అలాగే వస్తే, ఆ పుస్తకం పట్టుకుని సంఘం మీటింగులో అడగవచ్చు. మత్స్యశాఖ అధికారికి చూపవచ్చు. వచ్చే ఏడు పిల్లల్ని ఎక్కడ కొనాలో అప్పుడు నిర్ణయించుకోవచ్చు.

మార్పు చేప గురించి కూడా చెప్పాలి. మన మార్పు మూరెడు దాటడం అరుదు. ఒళ్ళంతా ఇంచుమించు ఒకే రంగు. ఆఫ్రికా మార్పు మీటరు దాటి కూడా పెరుగుతుంది. ఒంటి మీద మచ్చలు మచ్చలుగా ఉంటుంది. కనబడ్డ చేపనల్లా తింటుంది. కేంద్ర ప్రభుత్వం 2000లో దాని పెంపకాన్ని నిషేధించింది. మన మార్పుతో దాన్ని కలిపి తీసిన సంకరం కూడా ఉంది. గాలానికి అలాంటిది పడితే నీళ్ళలో వదలకండి. మత్స్యశాఖ వాళ్ళకు కబురు చేయండి.

వచ్చే ఆదివారం పొద్దున్నే చెరువులో వల లాగుతారు. అందరం గట్టు మీద కలుద్దాం. పలక వద్దు, పుస్తకం తెచ్చుకోండి. పెన్ను వద్దు, పెన్సిలు తెచ్చుకోండి. తడి చేత్తో రాస్తే సిరా అలుక్కుపోతుంది.