పడుచువారి తలతిరుగుడు



తల తిరిగినదనగానే మన యిండ్లలో పైత్యమనియో, ఎండదెబ్బయనియో నిశ్చయించి, నిమ్మరసమిచ్చి పండుకొనబెట్టుదురు. పెక్కుమారు లది చాలును. చెవిలోపలి దోషమువలనను తల తిరుగును. దానివలన సాధారణముగా ప్రాణభయము లేదు. కాని యొక్కొకప్పు డది పక్షవాతము. పక్షవాతము ముసలివారికే వచ్చుననియు, కాలు చేయి పడిపోవుటయే దాని గుర్తనియు నమ్ముటచేత పడుచువారి కపాయము కలుగుచున్నది.

మెడయెముకలగుండ రెండు రక్తనాళములు పైకిబోయి మెదడు వెనుకభాగమునకు రక్తము నందించును. మన నిలకడను, నడకను కాపాడు చిన్నమెదడు అచ్చటనే యున్నది. మెడ విసురుగా తిరిగినను, దెబ్బ తగిలినను ఆ నాళపు లోపొర చిరుగవచ్చును. చిరిగినచోట నెత్తురు గడ్డకట్టి, పైకిబోయి దారి మూయును. అప్పుడు కాలు చేయి బలముగానే యుండవచ్చును, మూతి వంకరపోకుండవచ్చును, తల మాత్రము గిర్రున తిరిగి వాంతులగును.

హైదరాబాదు జూబ్లీహిల్సులో, చలనచిత్రములవారి ఫిల్మ్‌నగరు చెంత, అపోలో వైద్యశాల గలదు. అచ్చటి నరముల వైద్యులు డాక్టరు సుధీర్ కుమార్ గారు 2022లో నొక సంగతి వెల్లడించిరి. 50 ఏండ్ల స్త్రీ యొకతె బ్యూటీపార్లరులో మెడ వెనుకకు వాల్చి తల కడిగించుకొనుచుండగా తల తిరిగి వాంతులైనవి. మొదట కడుపునకు వైద్యము జరిగినది. మరునాడు నడక తూలగా ఎమ్.ఆర్.ఐ. తీయించిరి, చిన్నమెదడులో పక్షవాతము బయటపడినది. మెడ వాల్చినప్పుడు నాళము నొక్కుకొనియుండునని ఆయన యభిప్రాయము. ఆమె పడుచుది కాదు గాని, మెడలోని నాళము చిరుగుట పడుచువారి పక్షవాతమునకు ముఖ్యకారణములలో నొకటి. సినిమా పోరాటములను, నృత్యములను జూచి మెడ విసరు కుర్రవారును, మంగలిదుకాణమున మెడ విరిపించుకొనువారును ఈ మాట వినవలెను.

తల తిరిగినవానిని పట్టుకొని లేపి, నాలు గడుగులు వేయింపుడు. ఆధారము లేక నిలువలేకున్నను, మాట ముద్దయైనను, వస్తువు రెండుగా గనబడినను, మ్రింగుడు పడకున్నను, ముఖ మొకప్రక్క తిమ్మిరెక్కినను, ఎన్నడు నెరుగని మెడనొప్పియో తలనొప్పియో తోడైనను, వెంటనే 108కి ఫోను చేయుడు. నోట నేమియు పోయకుడు. బాధ మొదలైన వేళను గుర్తుంచుకొని వైద్యునికి జెప్పుడు. గడ్డను కరగించు మందును సాధారణముగా 4½ గంటలలోపలనే యిత్తురు. తొలి సి.టి. స్కానులో నీ జబ్బు కానరాకపోవచ్చును. కావున స్కాను బాగున్నదన్నంతమాత్రమున తూలువానిని ఇంటికి గొనిరాక, వైద్యుని మరల అడుగుడు.

పెద్దలారా, ఊరిలో నెవరికి జబ్బు చేసినను మొదట మీ యాలోచనయే యడుగుదురు. ఆ కుర్రవాడు మంచమెక్కుటయో, ఆసుపత్రి బండి యెక్కుటయో మీ మాటను బట్టియే యుండును. వయసును జూచి గాక, నడకను జూచి చెప్పుడు.