తెగులు నేర్పిన విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా మన గ్రామమునకు చదువు పంచిన గ్రంథాలయపు పండుగ ఇది. ఈ శుభసమయమున, కంటికి కానరాని యొక చదువరిని గూర్చి మనవి చేయుదును.

దాదాపు ప్రతి జీవకణములోను డి.ఎన్.ఏ. అను గ్రంథము కలదు. దానికి అక్షరములు నాలుగే. అందులో ఒకానొక వాక్యమును వెదకి పట్టుకొనుట కొన్ని ప్రోటీనుల పని. మనము కోరిన వాక్యమునే పట్టుకొను ప్రోటీనును నిర్మింపగలమా యని శాస్త్రజ్ఞులు చిరకాలము యోచించిరి.

దారి చూపిన వానిలో రైతునకు శత్రువైన బాక్టీరియా యొకటి. వరికి ఆకు ఎండు తెగులు తెచ్చు సాంథోమోనాస్ తన ప్రోటీనును వరి కణములోనికి జొప్పించును. అది వరి గ్రంథములో తనకు కావలసిన చోట అంటుకొని, చక్కెరను వెలుపలికి పంపు జన్యువును మేల్కొల్పును. పైరు కూడబెట్టిన చక్కెర తెగులునకు మేతయగును.

2009లో జర్మనీ, అమెరికా శాస్త్రజ్ఞులు ఈ ప్రోటీను గుట్టు విప్పిరి. అది పూసలదండ వంటిది. ఒక్కొక్క పూసలో సుమారు 34 అమైనో ఆమ్లములుండును. వానిలో 12, 13 స్థానములందలి రెండును ఆ పూస పట్టవలసిన అక్షరమును నిర్ణయించును. కావున పూసలను కోరిన వరుసలో గ్రుచ్చినచో, కోరిన వాక్యమును పట్టు ప్రోటీను సిద్ధమగును. దానికి కత్తెర వంటి మరియొక ప్రోటీనును జోడించినచో, డి.ఎన్.ఏ.ను అచ్చట కోయవచ్చును.

2015లో లండను నగరమున, రక్తపు క్యాన్సరుకు చేసిన చికిత్సలన్నియు విఫలమైన పసిబిడ్డ కొకతెకు, ఈ విధముగా సవరించిన దాత రక్తకణముల నెక్కించిరి. వ్యాధి కానరాకుండ పోయెను. క్రిస్పర్ అను మరింత సులభమైన సాధనము నేడున్నను, ఈ పూసలదండ విలువ తగ్గలేదు. అయితే పోలికగల వాక్యము వేరొకచోట నున్నచో అచ్చటను కోత పడవచ్చును. కనుక పరీక్షింపక వాడరాదు.

మన పొలములకును ఈ కథతో సంబంధము కలదు. రాజేంద్రనగరు వరి పరిశోధన సంస్థయు, హైదరాబాదులోని సి.సి.ఎం.బి.యు కలిసి రూపొందించగా 2008లో విడుదలైన ఇంప్రూవ్డ్ సాంబ మసూరిలో, సంకరణముచే చేర్చిన తెగులు నిరోధక జన్యువులు మూడు. అందొకదానిలో శత్రువు చదువు వాక్యమే మారియున్నది. ఆ వాక్యము నానవాలు పట్టలేక శత్రువు ప్రోటీను నిష్ఫలమగును.

తెగులును చూచి దుఃఖించుటతో నాగక, దాని విద్యను పరిశీలించిన వారివలన ఇంత మేలు కలిగినది. మన బిడ్డలలో అట్టి జిజ్ఞాస పెంపొందుటకై, ఈ అరలలో విజ్ఞానశాస్త్ర గ్రంథములకు మరింత చోటు కల్పింపుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.