మేడమీద రంగుల చినుకులు

అమీర్‌పేట, పంజాగుట్ట అపార్ట్‌మెంట్లలో పిల్లలకు వాకిలి లేదు, మేడ ఉంది. రంగులు చిమ్మి బొమ్మలు వేయడానికి ఆ మేడే మంచి చోటు. ఎండ ముదరక ముందు, గాలి లేని పొద్దున మొదలుపెట్టండి.

పాత దినపత్రికలు పరిచి, పైన చార్టు పేపరు పెట్టి, మూలల్లో రాళ్లు ఉంచండి. నీళ్లలో కలిసే పోస్టర్ రంగులే వాడండి. ఎనామిల్ పెయింటు పిల్లల చేతికి ఇవ్వకండి, దాన్ని వదిలించాలంటే టర్పెంటైన్ కావాలి. రంగు మరీ చిక్కగా ఉంటే బ్రష్షును వదలదు, మరీ పల్చనైతే కాగితం మీద కారిపోతుంది. ఆ మధ్య పాకాన్ని పిల్లలే కనిపెట్టాలి, దయచేసి మీరు కలిపి ఇవ్వకండి!

పాత టూత్‌బ్రష్‌ను రంగులో ముంచి, కుచ్చు మీద బొటనవేలిని తమ వైపు లాగితే, సన్నని తుంపర ఎదుటి కాగితం మీద పడుతుంది. కాగితంపై ముందే వేపరెమ్మ పెట్టి, తుంపర ఆరాక తీస్తే, ఆకుల రూపు తెల్లగా మిగులుతుంది. ఒక రంగు ఆరకముందే ఇంకొకటి చల్లితే అన్నీ కలిసి మట్టిరంగవుతాయి. అందుకే మొదట రెండు రంగులు చాలు.

అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి ఇలాగే కాన్వాసును నేలమీద పరిచి, చుట్టూ తిరుగుతూ, పుల్లలతో, గట్టిపడిన బ్రష్షులతో పెయింటు చిలకరించాడు. వాకిట్లో కళ్లాపి చల్లే అమ్మమ్మల్లాగా అతనికీ చేతి ఊపే ముఖ్యం. పిల్లలను కూడా చుట్టూ తిరగనివ్వండి.

హోలీ రోజుల్లో మోదుగుపూలు దొరికితే నీళ్లలో మరిగించి చూడండి. ఆ నారింజరంగు కాగితం మీద లేతగా పడుతుంది.